గ్లాసే కదా అని బిగిస్తే... ఎదుటివాడికి కళ్లు చీకట్లు

పాత అంబాసిడర్లకు హెడ్‌లైటు అద్దం మార్చేటప్పుడు చూసుకోవలసినవి

పామర్రు: కంకర లారీ చక్రం కింద నుంచి చిమ్ముకొచ్చిన రాయి ఒక్కటి చాలు, అంబాసిడర్ కారు ముందు దీపం గ్లాసు పగలడానికి. దొడ్డి గేటు తగిలినా, గేదె కొమ్ము విసిరినా అంతే. బండి ఆగిపోదు. ఇంజనుకు వచ్చిన లోటేమీ లేదు. పగటిపూట ఎవరికీ పట్టింపు ఉండదు. నాలుగు రోజులు పగుళ్ల మీద టేపు అతికించుకుని తిరుగుతారు. ఆ తర్వాత బెజవాడ వెళ్లే వాళ్లెవరి చేతనో గుండ్రటి గ్లాసు ఒకటి తెప్పించి, ఊళ్లో స్క్రూడ్రైవరు పట్టడం వచ్చిన కుర్రాడి చేత బిగించేస్తారు. స్విచ్చి వేస్తే దీపం వెలుగుతుంది. పని అయిపోయిందనుకుంటారు.

అసలు చిక్కు అక్కడే మొదలవుతోంది. ఆ రాత్రి కాల్వ గట్టు రోడ్డు మీద ఎదురొచ్చే సైకిలు మనిషికి, మోటారు సైకిలు వాడికి ఆ దీపం సూటిగా కంట్లో కొడుతుంది. ఒక పక్క బందరు కాల్వో, రైవస్ కాల్వో నిండా పారుతూ ఉంటుంది. మరో పక్క పల్లం. గట్టుకు అడ్డుగోడ ఉండదు. మిరుమిట్లు తగిలిన కంటికి రెండు మూడు సెకన్ల పాటు ఏమీ కనిపించదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. మూడు సెకన్లంటే 33 మీటర్లు. అంత దూరం గుడ్డివాడిలా పోవాల్సిందే. నూర్పిళ్ల రోజుల్లో అయితే రోడ్డు మీద సగం మేర ఆరబోసిన ధాన్యం ఉంటుంది. ఆ ధాన్యం చుట్టూ పేర్చిన రాళ్లు ఉంటాయి. వెనక దీపం లేని ఎడ్లబండ్లు, గడ్డి ట్రాక్టర్లు సరేసరి.

కారు నడిపే ఆసామికి మాత్రం ఇదేమీ తెలియదు. తన దీపం బ్రహ్మాండంగా ఉందనే అనుకుంటాడు. హెడ్‌లైటు బాగుందో లేదో కారులో కూర్చున్న వాడికంటే ఎదురొచ్చేవాడికే బాగా తెలుస్తుంది.

అంబాసిడర్ తయారీ 1957 ప్రాంతంలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో మొదలైంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు దానికి మాతృక. 2014 మే నెలలో హిందూస్థాన్ మోటార్స్ వారు ఆ కర్మాగారాన్ని మూసివేశారు. కారు రావడం ఆగిపోయినా ఉన్న కార్లు ఎక్కడికీ పోలేదు. పాత మోతుబరుల ఇళ్లలో గొడ్ల చావిడి పక్కన పరదా కప్పుకుని కొన్ని ఉన్నాయి. పెళ్లికొడుకును ఊరేగించడానికి పూలదండలు కట్టుకుని వచ్చేవి కొన్ని. తాతల నాటి బండి అమ్మడానికి మనసొప్పక, ఆదివారాలు తుడిచి తిప్పుకునే వారూ ఉన్నారు. ఇంజను పని తెలిసిన మేస్త్రీలు ఇంకా దొరుకుతున్నారు. బ్రేకులు, క్లచ్చి పలకలు దొరుకుతున్నాయి. అందరూ తేలిగ్గా తీసేస్తున్నది మాత్రం ఈ గ్లాసునే.

అద్దం కాదు, లాకు

హెడ్‌లైటు గ్లాసు అంటే దుమ్ము, వాన నీరు లోపలికి పోకుండా పెట్టిన మూత అని చాలామంది నమ్మకం. కిటికీ అద్దానికి, దీనికి తేడా లేదనుకుంటారు. పగిలిన గ్లాసు ముక్కను తీసి లోపలివైపు వేలితో తడిమి చూస్తే సంగతి తెలుస్తుంది. బయట నున్నగా ఉన్నా లోపల నాగటి చాళ్ల లాంటి గాళ్లు ఉంటాయి. కొన్ని చోట్ల నిలువుగా, కొన్ని చోట్ల కొద్దిగా ఏటవాలుగా, ఒక్కోచోట చిన్న చిన్న గళ్లుగా పోతపోసి ఉంటాయి. అవి అందం కోసం పెట్టినవి కావు.

బల్బు నుంచి వచ్చిన వెలుగు వెనకనున్న గిన్నె లాంటి రిఫ్లెక్టరు మీద పడుతుంది. రిఫ్లెక్టరు దాన్ని ఒక్క కట్టగా చేసి ముందుకు తోస్తుంది. అలా వదిలేస్తే ఆ వెలుగు రోడ్డు నడిమధ్య ఒక గుండ్రటి మచ్చగా పడుతుంది తప్ప పక్కలకు పారదు. దాన్ని పక్కలకు పరచి, కొంత కిందికి వంచి, ఎంత వెలుగు ఎటు పోవాలో పంచేది గ్లాసు మీది ఈ గాళ్లే. ప్రధాన కాల్వలో నీరు ఉన్నంత మాత్రాన చేను తడవదు. లాకుల దగ్గర మళ్లిస్తేనే బోదెల్లోకి పారుతుంది. హెడ్‌లైటులో రిఫ్లెక్టరు కాల్వ అనుకుంటే గ్లాసు లాకు.

ఇప్పటి కొత్త కార్లలో ఈ ఏర్పాటు లేదు. వాటిలో రిఫ్లెక్టరునే మూలమూలలా మలిచి, వెలుగును అదే పంచేలా చేస్తున్నారు. లేదంటే లోపల వేరే లెన్సు పెడుతున్నారు. పైనున్నది నిజంగానే వట్టి ప్లాస్టిక్ మూత. అందువల్ల కొత్త కార్ల పని మాత్రమే చేసిన కుర్రాళ్లకు పాత బండి గ్లాసు మీద చులకన భావం ఏర్పడుతోంది. గాళ్లున్న గ్లాసు తీసేసి, చూపుకు బాగుంటుందని నున్నటి స్పష్టమైన గ్లాసు బిగించిన బండ్లు కూడా రోడ్ల మీద కనిపిస్తున్నాయి. పాత రిఫ్లెక్టరు ముందు నున్నటి గ్లాసు పెడితే వెలుగు పంచే నాథుడే ఉండడు.

ఎడమ గ్లాసు, కుడి గ్లాసు

మన దేశంలో బండ్లు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి. ఎదుటి బండి కుడివైపు నుంచి వస్తుంది. కనుక డిమ్ములో ఉన్నప్పుడు కుడివైపు వెలుగు కిందికి అణగి ఉండాలి. ఎడమవైపు మాత్రం కొంచెం పైకి లేచి దూరం పోవాలి. అప్పుడే రోడ్డు వార నడిచే మనిషి, కట్టేసిన గేదె, మైలురాయి కనబడతాయి. ఈ తేడా బల్బు, దాన్ని కూర్చోబెట్టే గూడు, గ్లాసు మూడూ కలిసి సాధించేది. బల్బు లోపల డిమ్ము తీగ కింద చిన్న రేకు దొన్నె ఒకటి ఉంటుంది. అది కింది సగానికి వెలుగు పోకుండా ఆపుతుంది. దొన్నె అంచు ఒక పక్క 15 డిగ్రీల వాలులో ఉంటుంది. ఎడమవైపు వెలుగు పైకి లేవడానికి కారణం ఆ వాలే. గ్లాసు మీది గాళ్లు దానికి సరిపడేలా పోతపోసినవి.

అమెరికాలో, యూరప్ దేశాల్లో చాలాచోట్ల బండ్లు కుడి పక్కన నడుస్తాయి. వాటి కోసం తయారైన దీపాలు ఇందుకు సరిగ్గా తలకిందులు. కుడివైపు వెలుగు పైకి లేస్తుంది. కొలత ఒకటే గదా అని అలాంటి సెట్టు తెచ్చి బిగిస్తే ఇక్కడ ఎదురొచ్చే ప్రతి వాడి కళ్లలోనూ అది పడుతుంది. విదేశీ దీపం, మంచి సరుకు అని ఎక్కువ ధర పెట్టి కొని మరీ ఈ పని చేసేవాళ్లున్నారు.

మేలురకం గ్లాసుల మీద దీనికి గుర్తు ఉంటుంది. కారు ముందు నిలబడి దీపానికి ఎదురుగా చూస్తే, గ్లాసు మీద అడ్డంగా ఒక చిన్న బాణం కనిపిస్తుంది. ఆ బాణం చూసేవాడి కుడి చేతి వైపు చూపిస్తుంటే అది ఎడమ పక్క నడిచే దేశాలకు తయారైన గ్లాసు. మనకు కావలసింది అదే. యూరప్ ప్రమాణాల గుర్తు వేసిన దీపం మీద బాణమే లేకపోతే అది కుడి పక్క దేశాలది. రెండు కొసలూ ఉన్న బాణమైతే రెండు విధాలా అమర్చుకోవడానికి వీలైనది. పైకి రావలసిన అంచు దగ్గర చాలా గ్లాసుల మీద ఇంగ్లీషులో ‘టాప్’ అని కూడా పోతపోసి ఉంటుంది. గుండ్రటి వస్తువు గనుక ఎటు తిప్పి పెట్టినా రింగులో పట్టేస్తుంది. అదే ప్రమాదం. ‘టాప్’ అన్న మాట పక్కకు తిరిగితే పక్కకు పారవలసిన వెలుగు ఆకాశానికి, నేలకు పారుతుంది.

పగిలిన ముక్కలు పారేయకండి

కొత్త గ్లాసు కొనడానికి వెళ్లే ముందు పాతది ఏ రకమో తెలుసుకోవాలి. అంబాసిడర్‌కు ఉన్నది 7 అంగుళాల గుండ్రటి దీపం. మిల్లీమీటర్లలో చెబితే 178. జీపుకు, బుల్లెట్ మోటారు సైకిలుకు కూడా ఈ కొలత దీపాలే వచ్చాయి. అందువల్ల దుకాణంలో చూపించేవన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. ట్రాక్టరు వెనక దమ్ము చేసేటప్పుడు వాడే దీపం గ్లాసు కూడా చూపుకు ఇంచుమించు అలాగే ఉండొచ్చు. అది దగ్గరలో వెడల్పుగా వెలుగు పడటానికి చేసినది. రోడ్డు మీద పనికిరాదు.

దీపం వెనక్కి చేయి పెట్టి చూస్తే రకం తెలిసిపోతుంది. బల్బు విడిగా ఊడిరాకుండా, గ్లాసు గిన్నె వెనక నుంచి మూడు రేకు కాళ్లు మాత్రమే బయటికి వచ్చి ఉంటే అది సీల్డు బీము. అందులో గ్లాసు, రిఫ్లెక్టరు, తీగ అన్నీ ఒకే ముద్ద. దానికదే పెద్ద బల్బు. గ్లాసు పగిలితే మొత్తం తీసి పారేయాల్సిందే. దాని మీదికి విడి గ్లాసు అతికించే ప్రయత్నం వృథా. గాలి తగిలిన తీగ వెంటనే మాడిపోతుంది.

బల్బు విడిగా వస్తున్నా గ్లాసు మాత్రం రిఫ్లెక్టరుకు బంకతో అతికి ఉంటే అది రెండో రకం. ఓపిక ఉన్న పనివాడు వేడిగాలి తగిలించి బంక మెత్తబడ్డాక గ్లాసు ఊడదీయగలడు. అయితే పదింటికి సగం సార్లు రిఫ్లెక్టరు అంచు వంకరపోవడమో, లోపల వెండి పూత మీద బంక పడటమో జరుగుతుంది. కొత్త యూనిట్ దొరుకుతుంటే అదే కొనడం మేలు. అసలు ముక్కే ఉంచుకోవాలన్న పట్టుదల ఉన్నవారు ఆ పని తెలిసిన చేతికే ఇవ్వాలి. ఇక మూడో రకంలో గ్లాసుకు, రిఫ్లెక్టరుకు నడుమ రబ్బరు పట్టీ ఉండి, చుట్టూ క్లిప్పులతో పట్టి ఉంటుంది. అందులో గ్లాసు ఒక్కటే మార్చుకోవచ్చు.

అందుకే పగిలిన ముక్కలను చెత్తకుప్పలో వేయకుండా గోనె సంచిలో చుట్టి పట్నం తీసుకుపోవాలి. గాళ్ల తీరు, దాని మీది అక్షరాలు, అంకెలు పోల్చుకోవడానికి అంతకు మించిన ఆధారం లేదు. విజయవాడ ఆటోనగర్‌లో పాత బండ్ల సామాన్ల దుకాణాల వెంట ఒక పూట తిరిగితే ఇంకా జత దొరికే అవకాశం ఉంది. తుక్కుకు వచ్చిన బండ్ల నుంచి ఊడదీసినవి కూడా అక్కడికి వస్తాయి. అలాంటివి కొనేటప్పుడు గ్లాసు కంటే ముందు రిఫ్లెక్టరును చూడాలి. మెరుపు పోయి మసకబారితే, పసుపు మచ్చలు లేస్తే ఎంత మంచి గ్లాసు పెట్టినా వెలుగు రాదు. ప్లాస్టిక్ గ్లాసులు చవకగా వస్తాయి గాని దుమ్ము రోడ్లకు గీతలు పడి, ఎండకు పచ్చబారుతాయి.

రెండు దీపాల్లో ఒకటే పగిలితే రెండూ మార్చాలా అన్న సందేహం సహజం. సరిగ్గా అదే గాళ్ల తీరు ఉన్నది దొరికితే ఒకటి మార్చినా సరిపోతుంది. ఏళ్ల తరబడి ఇసుక కొట్టుకుని రెండో గ్లాసు గరుకుబారిపోయి ఉంటే మాత్రం జత మార్చడమే ఉచితం. గరుకు గ్లాసు గుండా పోయే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలోకే చేరుతుంది.

ఊడదీసేటప్పుడు

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగ ఒకటి తీసి పక్కన పెట్టాలి. దీపం అప్పటిదాకా వెలిగి ఉంటే చల్లారే వరకు ఆగాలి. బయటి మెరుపు రింగును అడుగున ఉన్న స్క్రూ పట్టి ఉంచుతుంది. సముద్రపు గాలి తగిలే బందరు ప్రాంతపు బండ్లలో అది తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. బలవంతం చేస్తే తల తిరిగిపోతుంది. ముందురోజు రాత్రి నాలుగు చుక్కలు కిరసనాయిలు పోసి ఉంచితే తెల్లారేసరికి దారికి వస్తుంది. అడుగు వదులయ్యాక రింగును ముందుకు లాగి, పైకి ఎత్తితే ఊడివస్తుంది.

లోపల ఇంకో సన్నటి రింగు కనిపిస్తుంది. దాన్ని మూడు చిన్న స్క్రూలు పట్టుకుని ఉంటాయి. మోడల్‌ను బట్టి కొద్దిపాటి తేడాలుంటాయి. ఈ దశలోనే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. ఆ చిన్న స్క్రూలతోపాటు స్ప్రింగులున్న స్క్రూలు వేరే ఉంటాయి. ఒకటి పైన, ఒకటి పక్కన. అవి దీపాన్ని పట్టి ఉంచేవి కావు. పైనున్నది వెలుగును పైకి కిందికి, పక్కనున్నది కుడి ఎడమలకు తిప్పేది. దేన్ని విప్పాలో తెలియక వీటిని విప్పితే ఏళ్ల నుంచి సరిగా ఉన్న చూపు కాస్తా పోతుంది. దీపం మాత్రం ఊడిరాదు.

రిఫ్లెక్టరు లోపలి పూతను వేలితో ముట్టుకోకూడదు. దుమ్ము ఉంటే ఊదాలి. గుడ్డ పెట్టి తుడిస్తే వెండి పూత గుడ్డకే వస్తుంది. లుంగీ చెంగుతో గిన్నెను తోమినట్టు తోమి, నిగనిగలాడుతోందని సంబరపడి, వారం తిరక్కుండా కొత్త రిఫ్లెక్టరు కోసం వెతుక్కున్న వారికి కొదవ లేదు. హెచ్-4 రకం హాలోజన్ బల్బు గాజును కూడా చేత్తో పట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు మరీ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్ ముంచిన దూదితో తుడవాలి. పాతరకం బల్బు అడుగు వేరు, హెచ్-4 అడుగు వేరు. ఒకదాని గూట్లో మరొకటి కూర్చోవడం లేదని ఆకురాయి పెట్టి అరగదీసేవాళ్లున్నారు. తీగ ఉండవలసిన చోటు నుంచి ఒక్క మిల్లీమీటరు జరిగినా వెలుగు ఎటో పోతుంది.

టైరు చిమ్మిన బురద దీపం వెనక డబ్బాలో చేరి గట్టిపడి ఉంటుంది. గ్లాసు మార్చే పని పెట్టుకున్నప్పుడే దాన్ని గీకి, తుప్పు రుద్ది, రంగు వేసుకోవడం మంచిది. నేల తీగ, అంటే ఎర్తు, ఆ తుప్పు రేకుకే బిగించి ఉండటం కద్దు. దీపం ఎర్రగా, నీరసంగా వెలుగుతుంటే గ్లాసును, బల్బును తిట్టుకునే ముందు ఈ ఎర్తు కొసను గీకి బిగించి చూడాలి. చాలాసార్లు రోగం అక్కడే ఉంటుంది.

కొత్త గ్లాసు కింద పాత రబ్బరు పట్టీనే పెట్టడం పిసినారితనం. ఎండి పగిలిన పట్టీ గుండా తొలకరికే నీరు లోపలికి పోతుంది. అతికించే రకమైతే ఎం-సీల్ లాంటి గట్టి ముద్దలు వాడకూడదు. మళ్లీ ఎప్పుడైనా విప్పాలంటే గ్లాసు పగలగొట్టాలి. సిలికాన్ జిగురులో రెండు రకాలున్నాయి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చేది ఆరేటప్పుడు వదిలే ఆవిరికి రిఫ్లెక్టరు పూత దెబ్బతింటుంది. ఆ వాసన రాని రకాన్ని అడిగి తెచ్చుకోవాలి. దీపం అడుగున చిన్న రంధ్రం ఉంటే దాన్ని మూయవద్దు. లోపల పట్టిన చెమ్మ పోయే దారి అదే.

గోడ మీద సుద్దముక్కతో పరీక్ష

గ్లాసు బిగించడంతో పని సగమే అయింది. మిగతా సగం చీకటి పడ్డాక చేయాలి. ఇందుకు పట్నం పోనక్కర్లేదు. చదునైన నేల, దానికి ఎదురుగా నిటారు గోడ ఉంటే చాలు. ఊరి గిడ్డంగి గోడో, బడి ప్రహరీయో అడిగి వాడుకోవచ్చు.

నాలుగు టైర్లలో గాలి సరిచూసుకుని, డ్రైవరు సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి, కారును గోడకు బాగా దగ్గరగా నిలపాలి. రెండు దీపాల నడిబొడ్డులు గోడ మీద ఎక్కడికి వస్తున్నాయో సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. తర్వాత కారును తిన్నగా 10 మీటర్లు వెనక్కి తీయాలి. ఒక దీపాన్ని అట్టముక్కతో మూసి, రెండోదాన్ని డిమ్ములో పెట్టి చూడాలి. వెలుగు పై అంచు, గుర్తు కంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. పది మీటర్లకు పది సెంటీమీటర్లంటే నూటికి ఒక వంతు వాలు. దీపం నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే ఆ వెలుగు 70 మీటర్ల దూరాన నేలను తాకుతుంది. డిమ్ముకు అది చాలు.

గోడ మీద అంచు కుడి సగంలో తిన్నగా, ఎడమ సగంలో వాలుగా పైకి లేస్తూ కనిపించాలి. కుడివైపు లేస్తోందంటే తెచ్చింది తప్పుడు సెట్టు. స్క్రూలు ఎంత తిప్పినా అది బాగుపడదు. తిరిగి ఇచ్చేయాల్సిందే. గీత రెండు వైపులా వంకరటింకరగా ఉంటే గ్లాసు పక్కకు తిరిగి కూర్చుందో, బల్బు గూట్లో సరిగా పడలేదో చూసుకోవాలి. పాత సీల్డు బీములకు ఇంత స్పష్టమైన గీత రాకపోవచ్చు. అప్పుడు బాగా వెలుగున్న మచ్చ గుర్తుకు కిందికీ, కాస్త ఎడమకూ ఉందా అన్నది చూడాలి. రెండో దీపానికీ ఇదే పద్ధతి.

అంబాసిడర్ విషయంలో ఇంకొక సంగతి ఉంది. దీని వెనక పట్టీ స్ప్రింగులు బరువుకు బాగా దిగుతాయి. పెళ్లివారింటికి బయల్దేరినప్పుడు వెనక సీట్లో నలుగురు, ఒళ్లో పిల్లలు, డిక్కీలో బియ్యం బస్తాలు, సారె సామాను. వెనక దిగితే ముందు భాగం లేస్తుంది. దాంతోపాటు దీపాల చూపు కూడా పైకి లేస్తుంది. ఖాళీ బండితో సరిచేసుకున్న దీపం ఆ రాత్రి చెట్ల కొమ్మల్ని, ఎదుటివాడి ముఖాన్ని చూపిస్తుంది. ఎప్పుడూ బరువుతో తిరిగే బండి అయితే ఆ బరువు వేసే పరీక్ష చేసుకోవాలి.

నల్లరంగు నుంచి ఎల్‌ఈడీ దాకా

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు లారీలకు, బస్సులకు, కార్లకు హెడ్‌లైటు గ్లాసు పై భాగాన నల్లరంగు పూసేవారు. కొందరు నడిమధ్య నల్లటి బొట్టు పెట్టేవారు. ఎదుటివారికి మిరుమిట్లు కొంత తగ్గిన మాట నిజమే. అయితే దొన్నె ఉన్న బల్బులో డిమ్ము వెలుగు పడేది రిఫ్లెక్టరు పై సగం మీదనే. అది గ్లాసు పై సగం గుండానే కిందికి దిగి రోడ్డు మీదికి వస్తుంది. పై సగాన నల్లరంగు పూస్తే పోయేది ఎక్కువగా రోడ్డు మీది వెలుగే. పాత కారుకు పాత అలంకారం అని ఇప్పుడు మళ్లీ ఆ రంగు పూయించుకునేవారు ఈ సంగతి గమనించాలి. సరైన గ్లాసు సరిగా బిగిస్తే రంగుతో పనే లేదు.

వెలుగు చాలడం లేదని 100 వాట్ల బల్బులు పెట్టడం మరో అలవాటు. హెచ్-4 బల్బు మామూలుగా బ్రైటులో 60, డిమ్ములో 55 వాట్లు. రెండు 60 వాట్ల బల్బులకు 12 వోల్టుల మీద 10 ఆంపియర్ల కరెంటు నడుస్తుంది. అవే 100 వాట్లవి అయితే దాదాపు 17 ఆంపియర్లు. పాత అంబాసిడర్లలో ఈ కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్చి గుండా, కాలితో నొక్కే డిప్పరు గుండా పోతుంది. యాభై ఏళ్లనాటి తీగల మీద అంత బరువు వేస్తే ముందు స్విచ్చి వేడెక్కుతుంది, తర్వాత తీగ పైతోలు కరుగుతుంది. రిఫ్లెక్టరు పూత కూడా మాడిపోతుంది. మామూలు బల్బులే ఉంచి, రిలే పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ వేయిస్తే అదే బల్బు తెల్లగా వెలుగుతుంది.

ఈ మధ్య పాత దీపాల్లో ఎల్‌ఈడీ బల్బులు దూర్చుతున్నారు. కరెంటు తక్కువ తీసుకుంటాయి, తెల్లగా ఉంటాయి. కానీ ఆ రిఫ్లెక్టరు, ఆ గ్లాసు గాళ్లు సన్నటి తీగ ఒకానొక చోట వెలుగుతుందన్న లెక్క మీద తయారైనవి. ఎల్‌ఈడీ బల్బులో వెలుగు పుట్టే చోటు, దాని ఆకారం వేరు. చాలావాటితో డిమ్ములో కూడా వెలుగు పైకి చిమ్ముతుంది. గ్లాసు ఎంత మంచిదైనా అప్పుడు చేయగలిగింది లేదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు దీనికి ఒక కొలత పెట్టాయి. దీపానికి 8 మీటర్ల ముందు, దాని కుడి అంచుకు అర మీటరు పక్కగా, నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు కలగకుండా వెలుగు కిందికి వంగి ఉండాలి. ఇంచుమించు ఎదుటి బండి నడిపేవాడి కన్ను ఉండే ఎత్తు అది. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే బండిని తనిఖీకి చూపించాలి. బ్రేకు ఇన్‌స్పెక్టరు దీపాలు కూడా చూస్తారు. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో ప్రత్యేకంగా వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. 1975కు ముందు కొన్న అంబాసిడర్లు ఆ వయసుకు వచ్చేశాయి. అయితే ఆ రిజిస్ట్రేషన్ తీసుకున్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు తీసుకుపోవచ్చు గాని రోజూ రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు.

గ్లాసు మార్చిన బండిని వంద కిలోమీటర్లు తిప్పాక మూడు చిన్న స్క్రూలు, అడుగు స్క్రూ మరోసారి బిగించి, గోడ పరీక్ష మళ్లీ చేయాలి. గతుకులకు అవి వదులవుతాయి. తొలి వాన వెలిసిన మర్నాడు ఉదయం గ్లాసు లోపల మంచు పట్టినట్టు ఆవిరి కనిపిస్తే పట్టీ సరిగా కూర్చోలేదన్న మాట. ఆ తడి రిఫ్లెక్టరును తినేయక ముందే విప్పి ఆరబెట్టుకోవాలి. వేడిగా ఉన్న గ్లాసు మీద కాల్వ నీళ్లు బకెట్లతో కొట్టి కడగటం మానుకోవాలి. రాయి తగలకుండానే గ్లాసులు చిట్లడానికి అదొక కారణం.